పేరులేని ముఖములు: పాత ఛాయాచిత్రములు, ఊరి చరిత్ర

ఇటీవల మన సంఘముల ప్రత్యేక సంచికలలో పాత ఛాయాచిత్రములను ప్రకటించు ఆచారము ప్రబలుచున్నది. ఇది ప్రశంసింపదగినదే. ట్రంకుపెట్టెల అడుగున బట్టల మడతలలోను, దేవుని పటముల వెనుకను దాగియున్న చిత్రములు ఈ విధముగా వెలుగు చూచుచున్నవి. ఐనను చిత్రమును అచ్చువేసినంత మాత్రమున ఊరి చరిత్ర వ్రాసినట్లు కాదు. చిత్రమునకు తోడుగా ఏమి ఉండవలెను, ఏది లేనిచో అది మూగదగును, మన సంచికలు ఈ విషయమున ఎంతవరకు కృతార్థములైనవి అను ప్రశ్నలు మిగిలియున్నవి. వీనిని పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ పరిశీలనకు స్కాట్లండు దేశపు పట్టణములను దృష్టాంతముగా గైకొనుచున్నాము. మాన్కోలి నాకాకును గ్లాస్గో నగరమునకును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. మనము నివసించు ఈ భివండి తాలూకా వివరములను క్రమపద్ధతిలో అచ్చునకెక్కించిన గ్రంథములలో బొంబాయి గెజెటీరు ముఖ్యమైనది. అందు ఠాణా జిల్లా సంపుటములు 1882లో వెలువడినవి. దాని సంకలనకర్త జేమ్స్ మాక్నాబ్ కాంప్‌బెల్ గ్లాస్గో చెంతనున్న పార్టిక్‌లో జన్మించినవాడు. తెలుగు పల్లెల వృత్తాంతములను కైఫియత్తుల రూపమున సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిస్ దీవిలోని స్టార్నోవే పట్టణమువాడు. మనము విడిచివచ్చిన దేశమును గూర్చియు, వచ్చి చేరిన ఊరిని గూర్చియు కలము పట్టించినవారు స్కాట్లండువారే యగుట గమనింపదగిన విషయము. వారు తమ ఊళ్ల చరిత్రను ఎట్లు భద్రపరచుకొన్నారో, మన చరిత్రను ఎట్లు వ్రాసికొన్నారో పోల్చి చూచినచో మనకు కొంత బుద్ధి కలుగును.

స్కాట్లండులో ఊరి చరిత్రకు పునాది వేసినది ఛాయాచిత్రము కాదు, ప్రశ్నావళి. సర్ జాన్ సింక్లెయిర్ అను ఆయన దేశములోని పారిష్ మతాధికారులకు 160కి పైగా ప్రశ్నలు వ్రాసి పంపినాడు. ఊరికి ఆ పేరెట్లు వచ్చినది, నేల ఎట్టిది, కూలి రేటు ఎంత, ఏ వృత్తివారు ఎందరు, బీదలను ఎవరు పోషించుచున్నారు అని అడిగినాడు. 938 పారిష్‌ల సమాధానములు 1791 మొదలు 1799 వరకు 21 సంపుటములుగా వెలువడినవి. రాజుల కథలను ప్రక్కన నుంచి, ఊరిని గూర్చి ఊరివానినే అడుగవలెనన్న పద్ధతి ఇందు కానవచ్చును.

మెకంజీ మన దేశమున నడిపిన కార్యము ఇట్టిదే. ఆయనకు దేశభాషల పరిచయము లేదు. కావలి వెంకట బొర్రయ్యగారు తోడ్పడకున్నచో ఆ సేకరణ సాగెడిది కాదని ఆయనయే ఒప్పుకొన్నాడు. బొర్రయ్యగారు 1803లో చిన్న వయస్సుననే కాలధర్మము నొందగా, సోదరులైన లక్ష్మయ్య, రామస్వామిగారలు ఆ కృషిలో కొనసాగిరి. గ్రామ కరణముల వద్ద నున్న దండకవిలెలు చూచి, వృద్ధులను అడిగి, గుడి ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యములు ఎవరికి చెల్లినవి అను వివరములు వ్రాయించిరి. మెకంజీ 1821లో మరణించిన తరువాత ఆ కాగితములు పురుగులపాలు కాకుండ ప్రతులు వ్రాయించిన పుణ్యము బ్రౌను దొరది. కైఫియత్తులలో పురాణగాథయు వాస్తవమును కలగలసి యున్నమాట నిజమే. పరిశోధకుడు జల్లెడ పట్టుకొనియే వానిని చదువవలెను. ఐనను వానియందొక గొప్ప గుణము కలదు. అవి పేర్లతో నిండియున్నవి.

అయితే పేర్లున్నవి గాని ముఖములు లేవు. అప్పటికి ఛాయాచిత్రకళ పుట్టలేదు. 1816లో థామస్ హిక్కీ అను చిత్రకారుడు మెకంజీ రూపమును చిత్రించినాడు. దొర ఎఱ్ఱకోటు ధరించి నిలుచుండగా ముగ్గురు దేశీయ సహాయకులు ఆయనకు తోడుగా కనిపింతురు. దొర ఎవరో చెప్పనక్కరలేదు. ఆ ముగ్గురెవరో మాత్రము తరువాతి పరిశోధకులు ఊహించి చెప్పవలసి వచ్చినది. ముఖముండియు పేరు చేరకపోవుట అను లోపము ఇచ్చటనే మొదలైనది. మా విమర్శకు మూలము ఈ లోపమే.

ఇక ఛాయాచిత్రములకు వత్తము. 1843లో ఎడిన్‌బరో నగరమున డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడును, రాబర్ట్ ఆడమ్సన్ అను యువకుడును కలసి పనికి పూనుకొనిరి. క్రైస్తవ మతసభలో నాడు చీలిక వచ్చి బయటకు నడచిన మతాధికారుల ముఖములను ఒకే పెద్ద పటమున చిత్రింపవలెనని హిల్ సంకల్పము. ముఖముల పోలిక కొఱకే ఆయన ఛాయాచిత్రకళను ఆశ్రయించినాడు. ఆ పటము 1866కు గాని పూర్తికాలేదు. నేడు లోకము వారిని స్మరించుచున్నది ఆ పటమునకు కాదు, దగ్గరలోని న్యూహేవెన్ అను బెస్తపల్లెలో వారు తీసిన చిత్రములకు. తట్టలు మోయు స్త్రీలు, పడవల కానుకొని నిలిచిన పురుషులు, చెప్పులు లేని బాలురు వానియందు కలరు. జర్మను విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ 1931లో ఆ బెస్త స్త్రీ చిత్రమొకటి చూచి, ఈమె పేరేమను జిజ్ఞాస చూపరిని విడువదను భావము ప్రకటించినాడు. ఆ వరుసలోని చిత్రములలో కొన్నింటికి పేర్లు నిలిచినవి. వారిలో ఒకామె పేరు ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్ అని నేటికిని చెప్పగలుగుచున్నారు. చేపలమ్మిన స్త్రీ పేరు 180 సంవత్సరములకు పైగా నిలుచుట సామాన్యమా?

దీనికి భిన్నమైన ఉదాహరణము గ్లాస్గోలోనిది. మిల్లులు పెరిగి జనము క్రిక్కిరిసిన ఆ నగరపు పాతవాడలను పడగొట్టుటకు 1866లో చట్టము చేసిరి. పడగొట్టుటకు ముందు ఆ సందుల ఆకారమును భద్రపరచుటకై థామస్ అన్నన్ అను ఛాయాచిత్రకారుని నియమించిరి. ఆయన 1868 మొదలు 1871 వరకు తీసిన చిత్రములు జగత్ప్రసిద్ధములు. ఇరువైపుల ఎత్తైన గోడలు, నడుమ మనిషి పట్టునంత దారి, పైన దండెములపై ఆరిన బట్టలు, క్రింద తడి రాళ్లు. హైస్ట్రీట్‌లో 118వ నంబరు సందు, 37వ నంబరు సందు అని ప్రతిదానికిని చిరునామా కలదు. ఆ చిరునామా వలన నేడు సందులు లేకున్నను వాని చోటును చూపగలము. కాని ఆ సందుల మొగలో నిలిచి మనవంక చూచు వారెవ్వరు? ఒక్క పేరు లేదు. కదలినవారి రూపములు మసకలై పొగవలె కనబడును. గోడలకు నంబరు దక్కినది, గోడల నడుమ బ్రతికినవారికి అదియు దక్కలేదు. అన్నన్ పనితనమును మేము తక్కువ చేయుట లేదు. కట్టడములను చూపుమని అడిగినవారికి ఆయన కట్టడములను చూపినాడు. ఎవరు ఏమి అడిగిరో దానిని బట్టియే చిత్రము మాటలాడునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమును చిత్రించినపుడు వారు అడిగినదేమి? నేతవృత్తివారమగు మనకు ఇది ముఖ్యమైన ప్రశ్న. స్కాట్లండువాడే యైన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో భారతదేశపు వస్త్రముల నమూనాలను 18 సంపుటములుగా కూర్చినాడు. అవి చిత్రములు కావు. నేసిన గుడ్డలనుండి కత్తిరించిన 700 ముక్కలు. ఇట్టివి 20 ప్రతులు చేసి, 13 బ్రిటనులోను 7 మన దేశములోను ఉంచిరి. అచ్చటి మిల్లుదారులు మన అభిరుచి నెరిగి సరుకు చేయుటకే ఈ యత్నము. ముక్కముక్కకును ఊరిపేరు, పొడవు, వెడల్పు, తూకము, ధర వ్రాసిరి. నేసినవాని పేరు మాత్రము వ్రాయలేదు. గుడ్డ చరిత్రకెక్కినది, మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడు ఎక్కలేదు. ఆ వాట్సనే, జాన్ విలియమ్ కే అను మరియొకనితో కలసి, 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా ప్రకటించిన ఛాయాచిత్ర గ్రంథమునందును మనుష్యులను చాలవరకు కులములకును తెగలకును మచ్చుతునుకలుగా నిలిపిరి.

పేరు పోవుట యనగా నేమో గ్లాస్గో చెంతనున్న పేస్లీ పట్టణము చెప్పును. కాశ్మీరు శాలువలను అనుకరించి అచ్చటి నేతగాండ్రు 19వ శతాబ్దమున శాలువలు నేసిరి. ఆ శాలువలపై నున్న ఆకృతిని మనము మామిడిపిందె యందుము. నేడు లోకమంతయు దానిని పేస్లీ యని పిలుచుచున్నది. వ్రాసిపెట్టుకొన్నవాని పేరే నిలుచును.

దోషము పరదేశీయులదే యని తలపరాదు. హైదరాబాదున ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ మహానుభావుడు. సికింద్రాబాదులోను, 1896లో బొంబాయిలోను ఆయన స్టూడియోలు వెలసినవి. ఆయన తీసిన రాజప్రాసాదములు, వేటలు, విందులు చూచి అబ్బురపడనివాడు లేడు. నవాబుల పేర్లు, బిరుదములు చిత్రముల క్రింద చక్కగా కానవచ్చును. నిజాము ప్రభుత్వపు కరువు సహాయ కార్యములను గూడ ఆయన స్టూడియో చిత్రించినది. అందలి వరుసలలో కూర్చున్న కూలిజనము పేరులేని గుంపు మాత్రమే. 19వ శతాబ్దపు కరువులలో తెలుగు నేతగాండ్రు ఎందరో షోలాపురమునకును బొంబాయికిని బయలుదేరిరి. ఆ గుంపులో మన ముత్తాత ముఖమే యుండవచ్చును, ఉన్నను పోల్చుకొనలేము. బొంబాయిలో కామాటిపుర మనెడి పేటకు తెలుగుదేశమునుండి వచ్చిన కామాటి పనివారి వలన ఆ పేరు కలిగినది. పేటకు పేరు మిగిలినది, ఆ కామాటీలలో ఎవరి పేరు మనకు తెలియును?

ఛాయాచిత్రము అబద్ధమాడదని కొందరి నమ్మకము. ఇదియు పరీక్షకు నిలువదు. బొంబాయి జనులను గూర్చి విలియమ్ జాన్సన్ 1863లోను 1866లోను ప్రకటించిన సంపుటములలో, స్టూడియోలో తీసిన మనుష్యుల రూపములను వేరొకచోటి దృశ్యములపై అతికించిరి. మన ఇండ్లలోని చిత్రములు మాత్రము ఏమి? వెనుక తెరపై చిత్రించిన ఉద్యానము, చేతికి అరువు గడియారము, ప్రక్కన ఎవరిదో రేడియో. ఊరిలో తల్లిదండ్రులు చూచి సంతసింపవలెనని తీయించుకొన్న వేషమది. ఆ వేషమును తప్పుపట్టరాదు. తాను ఎట్లు కనబడగోరెనో అదియు చరిత్రయే. కాని ఆ సంవత్సరమున అతడు ఏ కార్ఖానాలో ఎన్ని సాంచెలు నడిపెనో, ఎందరితో కలసి ఒకే గదిలో నిద్రించెనో చిత్రము చెప్పదు. అది వెనుకవైపు వ్రాయవలసినదే.

స్కాట్లండు తూర్పుతీరమున డండీ యను పట్టణము కలదు. దాని కథ మన భివండి కథకు దగ్గరగా నున్నది. బెంగాలునుండి వెళ్లిన జనుముతో అచ్చట వందలాది యిండ్లు బ్రతికినవి. పనివారిలో స్త్రీలే ఎక్కువ. తరువాత ఆ పరిశ్రమ హుగ్లీ తీరమునకు తరలిపోగా డండీ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. 20వ శతాబ్దము ముగియునాటికి అక్కడ జనుము మిల్లు లేదు. కాని ఆ ఊరివారు ముందే మేల్కొనిరి. 1833లో కట్టిన వెర్డెంట్ వర్క్స్ అను మిల్లును ఒక ధర్మకర్తల సంస్థ 1991లో కొని, 1996లో ప్రదర్శనశాలగా తెరచినది. యంత్రములతోబాటు మిల్లువారి జీవనమును అచ్చట చూడవచ్చును. డండీలోని వాలెంటైన్ సంస్థ పోస్టుకార్డుల కొఱకు తీసిన ఊళ్ల చిత్రములు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి. ఎయిర్‌షైరులోని స్టెన్‌లేక్ అను ప్రచురణ సంస్థ స్కాట్లండులోని చిన్నచిన్న ఊళ్ల పాత చిత్రములను పలుచని పుస్తకములుగా ప్రకటించుచున్నది. ఈ వీధి ఏది, ఈ అంగడి ఎవరిది, ఈ కట్టడము ఎప్పుడు పడగొట్టిరి అను వివరములే అట్టి పుస్తకములకు ప్రాణము.

మన ఊరిమాట చూతము. మన తెలంగాణ పల్లెలలో భీమండి యని పిలువబడు ఈ పట్టణమునకు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పద్మశాలీలు తరతరములుగా వచ్చి చేరిరి. 1857 తరువాత ఉత్తరదేశమునుండి వచ్చిన మోమిను నేతగాండ్రు వారికంటె ముందే ఇచ్చట మగ్గములు నాటియుండిరి. 1982 జనవరి 18న ఆరంభమైన బొంబాయి మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొనిరి. ఆ తరువాత బట్టనేత మిల్లులనుండి మరమగ్గములకు మరింతగా తరలినది. పద్మనగరు, కామత్‌ఘరు వాడలలో తెలుగు మాట వినబడనిచోటు లేదనునంతగా మనవారు నిండిరి. నేడు సాంచెలను తూకమునకు అమ్మివేయుచున్నారు. మన మాన్కోలి చుట్టునున్న పొలములు గోదాములైనవి. నేత కార్ఖానాలో తండ్రి పనిచేయగా, కొడుకు గోదాములో పెట్టెలు లెక్కించుచున్నాడు. మనుమడు తెలుగు మాటలాడును గాని చదువలేడు. 2005 జూలై 26న శాంతాక్రుజ్‌లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినపుడు భివండి పల్లపు వాడలును మునిగినవి. నానిన చిత్రములు ఒకదాని కొకటి అంటుకొని ముద్దలైన యిండ్లు మేమెరుగుదుము.

ఇట్టి సమయమున మన సంచికలు ఏమి చేయుచున్నవి? మేము చూచినంతవరకు చిత్రములలో అధికభాగము వేదికలవి. పూలదండలు, శాలువలు, దీపప్రజ్వలనములు. ముఖ్యఅతిథి పేరు మూడుచోట్ల నుండును. వెనుక వరుసలో నిలిచినవారిని ‘తదితరులు’ అను ఒక్క మాటతో ముగింతురు. ఎప్పుడైన ఒక మగ్గపుశాల చిత్రము వేసినచో ‘కష్టజీవులు’ అని గాని ‘నాటి మధురస్మృతి’ అని గాని క్రింద వ్రాయుదురు. ఇవి శీర్షికలు కావు, అలంకారములు. అడుగవలసినవాడు ఇంకను సజీవుడై పక్కవీధిలో నుండగా ‘తదితరులు’ అని వ్రాయుట మెకంజీనాటి కరణమునకుగూడ తగదు. దీన్‌దయాళ్ స్టూడియో కూలిజనమును పేరులేని గుంపుగా విడిచినదని ఆక్షేపించుటకు ముందు, మన వెనుక వరుసకు మనము ఏమి చేసితిమో చూచుకొనవలెను. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, తిండి, బట్ట, ఆట, పాటలు గూడ చరిత్రయే యని నిరూపించిరి. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. ఆ మార్గము మన కండ్లయెదుట నుండగా మనము ఇంకను వేదికను విడువకుండుట విచారకరము.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. కూలినాలి చేసికొని బ్రతికినవారమగు మనకు చరిత్ర యేమని కొందరందురు. న్యూహేవెన్ చేపలమ్మిన స్త్రీయే దీనికి సమాధానము. సభాపటమును చిత్రించుటకు 23 సంవత్సరములు పట్టినది. జనులు నేడు వెదకి చూచుచున్నది ఆమె ముఖమును. ఇక సెల్‌ఫోనులో వేలకొలది చిత్రములున్నవి గదా, లోటేమని యువకులందురు. చిత్రముల సంఖ్య పెరిగినది గాని వ్రాత పెరుగలేదు. గుమాస్తాగిరిలో జీవితము గడపిన మాకు ఒక సంగతి అనుభవసిద్ధము. ఆవక్-జావక్ రిజిస్టరులో నమోదు కాని కాగితము బీరువాలో నున్నను లేనట్లే. వేలాది చిత్రములలో పేరులేని చిత్రము అట్టిదే.

కావున సంపాదకవర్గమునకు మా మనవి సులభమైనది. చిత్రమును స్వీకరించునప్పుడే అయిదు ప్రశ్నలు అడుగవలెను: ఇందున్నవారెవరు, ఎడమనుండి కుడికి వరుసగా, ఇది ఏ చోటు, ఏ సంవత్సరము, ఎవరు తీసిరి, ఎవరి ఇంటినుండి వచ్చినది. తెలియనిచో తెలియదని వ్రాయవలెను గాని కల్పింపరాదు. పేర్లు ప్రకటించుటకు ఆ కుటుంబమువారి సమ్మతి పొందవలెను. చిత్రము వెనుక సిరా వాడక మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ వ్రాయవలెను. తెలుగులో వ్రాసి, క్రింద దేవనాగరిలోను వ్రాసినచో మరాఠీ బడిలో చదువుకొన్న మనుమలును చదువగలరు. వేదికలకు నాలుగు పుటలు కేటాయించినపుడు కార్ఖానాకు, చాలుకు, కుళాయి వద్ద నిలిచిన వరుసకు రెండు పుటలైన విడువవలెను. కండెలు చుట్టిన స్త్రీల చిత్రములు అరుదు. దొరికినవానిని ముందుగా ప్రకటింపవలెను.

ఈ పనికి ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. సింక్లెయిరు వలె ప్రశ్నలు వ్రాయు ఓపిక, బొర్రయ్యగారివలె గుమ్మమెక్కి అడుగు వినయము చాలును. కాని కాలము చాలదు. డెబ్బదియవ పడిలోను ఎనుబదియవ పడిలోను ఉన్న పెద్దలు ఈ చిత్రములలోని ముఖములను నేడు గుర్తించగలరు. వారి తరువాత ఆ చిత్రములు మన యింట నున్నను, గ్లాస్గో సందు మొగలో నిలిచినవారివలె, మనవారు మనకే పరాయివారగుదురు. వచ్చే సంచిక వెలువడులోగా ప్రతి కుటుంబమువారును తమ యింటనున్న ఒక్క చిత్రమునకైన పెద్దలనడిగి పేర్లు వ్రాయించినచో, ఆ సంచిక మన భీమండి తెలుగువారికి మొదటి కైఫియత్తు కాగలదు.